పాలు పొంగినయ్

జంపక్కకు నలభై మూడేళ్లు. ఇల్లందుకు ఆవల, అడవి అంచున ఉన్న గిరిజన బాలికల హాస్టల్లో పదిహేనేళ్లుగా వంట చేస్తోంది. నిరుడు కూతురు భవాని బడి నుంచి, తను ఓపెన్ స్కూల్ నుంచి పదో తరగతి పరీక్షలు రాశారు. భవాని పాసై ఖమ్మంలో కాలేజీలో చేరింది. జంపక్కకు ఇంగ్లీషు ఒక్కటి తన్నేసింది.

"ఈ వయసుల నీకు ఇంగ్లీషు ఎందుకే?" అన్నాడు భర్త ముత్యాలు.

"తప్పింది నేను. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?" అని ఆమె మళ్లీ పుస్తకం తీసింది.

ఆ ఏడు హాస్టల్ బడికి మధిర వైపు నుంచి ప్రసూన అనే ఇంగ్లీషు టీచర్ వచ్చింది. సాయంత్రం పిల్లలు ఆటలకు పోయాక వంటగదిలో స్టూలు వేసుకుని కూర్చుని, జంపక్క కూరగాయలు తరుగుతుంటే నామవాచకాలు చెప్పేది. ఇల్లందు ప్రాపర్ నౌన్, ఊరు కామన్ నౌన్, మేకల మంద కలెక్టివ్ నౌన్. ఇవి జంపక్కకు తొందరగానే పట్టుబడ్డాయి.

"అబ్‌స్ట్రాక్ట్ నౌన్ అంటే కంటికి కనపడదు, చేతికి దొరకదు. భయం లాంటిది."

"వార్డెనమ్మ వస్తుందంటే నాకు పుట్టేదా?"

"అదే," అంది ప్రసూన నవ్వుతూ.

చిక్కంతా లెక్కపెట్టలేని నామవాచకాల దగ్గర వచ్చింది. జంపక్క 'మిల్క్స్ ఆర్ హాట్' అని రాసింది. ప్రసూన ఎర్ర పెన్నుతో కొట్టేసింది. మర్నాడు మళ్లీ అదే రాసింది.

"నిన్న చెప్పాను కదా జంపక్కా. మిల్క్ ఈజ్ అనాలి. ఒక్కటే."

"ఒక్కటెట్లయితది మేడం? పాలు పొంగినయ్ అంటం. పాలు పొంగింది అని ఎవరన్నా అంటరా?"

జంపక్క తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది.

"నీళ్లు కాగినయ్. బియ్యం ఉడికినయ్. గివన్నీ ఇంగ్లీషుల ఒక్కటేనా?"

"ఒక్కటే."

"గట్లయితే తప్పు నాది గాదు, పాలది."

ప్రసూన గదికి పోయి తొమ్మిదో తరగతి నోటు పుస్తకాలు తిరగేసింది. ఎక్కడ చూసినా వాటర్స్, రైసెస్, మిల్క్స్. అన్నిటి మీదా తను గీసిన ఎర్ర గీతలే. ఎందుకిలా రాస్తున్నారని ఒక్కసారీ అడగలేదు.

మర్నాడు జంపక్కను క్లాసుకు రమ్మంది.

"నేనా? తప్పినదాన్ని మేడం."

"అందుకే రమ్మంటున్నాను. ఎక్కడ తప్పుతారో మీకు తెలుసు."

జంపక్క పాలగిన్నె, నాలుగు గ్లాసులు పట్టుకుని వెళ్లింది. వాటిని బల్ల మీద పెట్టింది. కాసేపు కోయ భాషలో, కాసేపు తెలుగులో మాట్లాడింది.

"గ్లాసులెన్ని?"

"నాలుగు."

"గిన్నెల పాలెన్ని?"

పిల్లలు మెడలు చాచి గిన్నెలోకి చూశారు. "సగం గిన్నె," అంది ఒకమ్మాయి.

"చూసిన్రా? గిన్నెను లెక్కపెట్టినవ్, పాలను గాదు. ఇంగ్లీషోళ్లు గంతే. లెక్కకు రానిదాన్ని ఒక్కటే అనుకుంటరు. మనమేమో శానా ఉన్నయ్ అనుకుంటం. రాసేటప్పుడు గిన్నెను యాది చేసుకోన్రి."

వెనక బెంచీలోంచి మరొకమ్మాయి లేచింది. "మరి కన్నీళ్లక్కా?"

జంపక్క ప్రసూన వైపు చూసింది.

"టియర్స్. అవి లెక్కపెట్టొచ్చు," అంది ప్రసూన.

"నీళ్లను లెక్కపెట్టనోళ్లు కన్నీళ్లను లెక్కపెడతరా?" అని జంపక్క నిజంగానే ఆశ్చర్యపోయింది. క్లాసు చాలాసేపు నవ్వింది.

తర్వాతి పరీక్షలో జంపక్కకు ఇంగ్లీషులో యాభై నాలుగు మార్కులొచ్చాయి. ఫోన్లో రిజల్టు ముత్యాలే చూశాడు. రెండుసార్లు చదువుకుని, ఎవరూ చెప్పకుండానే బండి తీసి ఇల్లందు పోయి మిఠాయి తెచ్చాడు. హాస్టల్ పిల్లలందరికీ తనే పంచాడు.

ఇప్పుడు జంపక్క ఇంటర్‌కు ఫీజు కట్టింది. తొమ్మిదో తరగతికి శనివారం ఒక గంట ఆమెదే. ఆ గంటసేపు పొయ్యి దగ్గర ప్రసూన కూర్చుని పప్పు కలుపుతుంటుంది. ఉప్పు సరిపోయిందో లేదో జంపక్క వచ్చాకే చెప్పాలి.