ఎండిన పదకొండు సాళ్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో అందరి నవ్వులపాలైన పొలం మా నాయనమ్మదే. చీపురుపల్లి దగ్గర మా ఊరంతా గోగు వేసి, నార తీసి అమ్ముకునేది. అప్పటికి రెండేళ్లుగా మొదలుకుళ్లు తెగులొచ్చి పైరు చేతికి రావడం లేదు. ఆ తెగులుకు లొంగని విత్తనం కనిపెట్టాలని సర్కారు ఒక కుర్ర సారుని పంపింది. ఆయనకి మడి ఎవరూ ఇవ్వకపోతే నాయనమ్మ ఇచ్చింది. పన్నెండు రకాల విత్తనాలు పన్నెండు సాళ్లుగా వేసి, ప్రతి సాలు మొదట్లో నంబరు రాసిన పుల్ల గుచ్చాడాయన. వానల్లో పదకొండు సాళ్లు చచ్చాయి. సచ్చిన మొక్కలకి జీతమిస్తన్నారని ఊరు నవ్వింది.

ఇంతలో సమితి ప్రెసిడెంటు మడి చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన సరేనంటే ఇంకో మూడేళ్లు పని సాగుతుంది. కాదంటే మడి దున్నేస్తారు, సారు వెళ్లిపోతాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. భూతద్దం నా చేతికిచ్చి ఆకులో ఈనెలు చూపించిన మనిషి, సారంటే నాకు ప్రాణం. చుట్టాలొస్తే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లమూ? అలాగే ముందురోజు సాయంత్రం ఒక్కదాన్నే వెళ్లి ఎండిన మొక్కలన్నీ పీకేశాను. గోగు కోతల్లో అలవాటు కొద్దీ ఏ సాలుది ఆ సాలు మొదట్లోనే కట్టగట్టాను. ఇక ఊరి పక్కన పారే గెడ్డ నీళ్లలో పారెయ్యడమే మిగిలింది. అప్పుడే సారొచ్చాడు.

చూసి గట్టు మీద కూలబడిపోయాడు. నాకు ఏడుపొచ్చేసింది.  ఆయన లేచి, కట్టలూ పుల్లలూ సరిచూసుకుని నా తల నిమిరాడు. "ఏ సాలుదీ కలపలేదు, నన్ను బతికించావు. కానీ వీటిని పారేస్తే రేపు చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదమ్మా" అన్నాడు. నాకు అర్థం కాలేదు.

మర్నాడు ప్రెసిడెంటు వెనకాల ఊరంతా వచ్చింది. ఆయన కట్టల వంక చూసి, "ఇన్ని సచ్చిపోనాయేటి? మరెందుకీ పని?" అన్నాడు.  సారు కన్నా ముందు నాయనమ్మే అందుకుంది.

"నా పెద్ద పొలంలోనూ సచ్చిపోనాయి బాబూ. ఏ ఇత్తనం సస్తాదో, ఏది బతుకుతాదో ఈ రెండేళ్లలో నాకు తెలిసినాదా? ఇక్కడ ఈ పదకొండూ సచ్చి సెప్పినాయి. ఆ పన్నెండోది సూడు."

అప్పుడు చూశాం అందరం. నేను రోజూ చూసిన సాలే. అదే మట్టి, అదే వాన, చుట్టూ అదే తెగులు. అది మాత్రం మనిషికన్నా ఎత్తుగా, పచ్చగా నిలబడి ఉంది.  ఎవరూ నవ్వలేదు. ప్రెసిడెంటు కళ్లంలోకి వెళ్లేటప్పుడు విడిచినట్టు చెప్పులు విడిచి మడిలోకి దిగాడు. ఒక కాడ పట్టుకుని మొదలు దాకా తడిమి చూశాడు.

"మూడేళ్లు సాలవు. సర్కారుని ఐదేళ్లడుగుతాను" అన్నాడు. నవ్వినవాళ్లలోనే ఇద్దరు తమ మళ్లు కూడా తీసుకోమన్నారు.

ఇప్పుడు నా మనవరాలు తప్పు వచ్చిన లెక్కని రబ్బరుతో చెరపబోతే, గట్టు మీద కూలబడిన ఆ సారే కళ్ల ముందు కనిపిస్తాడు. గబుక్కున దాని చెయ్యి పట్టుకుంటాను. చెరపొద్దు, అలాగే ఉంచి పక్కన మళ్లీ చెయ్యమంటాను.