క్వార్టర్‌బ్యాక్, ప్రభువు బల్ల, నేను

పరాయి దేశంలో ఇన్నేళ్లు అన్నం పెట్టి, మంచు మీద జారకుండా కాలు నిలిపి, ఎనభై నాలుగో ఏట కూడా కళ్లజోడుతోనైనా తన వాక్యం చదువుకునే చూపు మిగిల్చిన సజీవుడైన దేవునికి ముందుగా స్తోత్రం. చదివే మీరు కూడా ఆయనకు ఒకసారి స్తోత్రం చెప్పండి. ఇక మీదట నేను చెప్పబోయేది ఒక మనిషి గురించి, అందులో స్తోత్రం పాలు తక్కువ.

పోయిన వారం మా పట్టణపు పత్రికలో ఒక ఫోటో వేశారు. ఈ జర్మనీలో, మైన్ నది ఒడ్డున అమెరికా సైన్యం ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిన బ్యారక్స్ ఆటస్థలానికి, అక్కడ ఒకప్పుడు ఆడిన క్వార్టర్‌బ్యాక్ పేరు పెడతారట. ఆ మహానుభావుడు తొంభయ్యో పడికి దగ్గరై కూడా చక్రాల కుర్చీలో అమెరికా నుంచి వస్తున్నాడట. అతణ్ణి చూసిన పాతవాళ్లు తమ జ్ఞాపకాలు రాసి పంపాలట. నా జ్ఞాపకాలు వాళ్లు అచ్చు వేయరు. అందుకే అరవైలలో నాలాగే ఒక్క పెట్టెతో ఈ దేశంలో దిగిన మీకు రాస్తున్నాను. వాడు, వీడు అంటుంటే మన్నించండి, ఆ మనిషి దగ్గర నాకు మర్యాద నిలవదు.

ఆ ఆట తెలియనివారికి రెండు మాటలు. అది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు, కొసలు సన్నబడ్డ పొడవాటి బంతిని చేత్తో విసిరి, పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడి ఆడేది. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టుకు బుర్ర, బంతి ఎవరికి విసరాలో, ఎవడు దాన్ని పట్టుకుని నలగాలో నిర్ణయించేవాడు. వీడు సైన్యంలో చేరకముందే తన దేశంలో కాలేజీ ఆటల్లో పేరు మోశాడు. వాడు విసిరిన ఒకానొక బంతి గురించి సైనికులు మన పెద్దలు ఎర్ర సముద్రం చీలడం గురించి చెప్పినట్టు చెప్పేవారు. బ్యారక్స్‌లోని చాపెల్‌లో, అంటే సైనికుల చిన్న చర్చిలో, ఉదయపు ఆరాధనకు వాడు ఎంత ఆలస్యంగా వచ్చినా ముందు బెంచీలో వాడి చోటు ఖాళీగా ఉండేది. సైన్యపు పాస్టరు రోగుల కోసం చేసే ప్రార్థనలో వాడి భుజాన్ని కూడా చేర్చేవాడు. మోషే లేనప్పుడు జనం మొక్కిన బంగారు దూడకు చేతులు లేవు, వీళ్ల దూడకు కుడిచెయ్యి కూడా ఉందని నేను మా ఆవిడతో అనేవాణ్ణి.

అదే చాపెల్‌ను మధ్యాహ్నం మూడింటికి మన నాలుగు తెలుగు కుటుంబాలకు ఇచ్చేవారు. నేను లేతు యంత్రాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుని, మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు, మా సంఘపెద్ద ఒంగోలు వైపు నుంచి వచ్చిన డాక్టరు గారు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. రొట్టె విరిచే ముందు డాక్టరు గారు కళ్లజోడు తీసి, మమ్మల్ని ఒక్కొక్కరినే చూసి, ఎవరి మీదైనా మనసులో ఏదైనా పెట్టుకున్నవారు వెనక బెంచీకి వెళ్లండి, సమాధానపడి వచ్చే నెల రండి అనేవారు. మన ఊళ్ల సంఘాల్లో తాతల నాటి ఆచారం అది. ఇడ్లీ పాత్ర తిరిగి రాలేదని ఇద్దరు ఇల్లాళ్లు ఆ వెనక బెంచీకే చెరో కొసనా కూర్చున్న నెల నాకు ఇంకా గుర్తుంది.

మా బావమరిది ఇక్కడి వేదపాఠశాలలో పాస్టరు చదువుకు వచ్చాడు. సన్నగా, జింకలా ఉండేవాడు, గుంటూరు కాలేజీలో పరుగుపందేలన్నీ వాడివే. మా మామగారు వాణ్ణి నా చేతుల్లో పెట్టి పంపారు. చాపెల్ గోడ అవతలే ఆటస్థలం. గోడ దాటి పడిన బంతిని వాడు ఒకటి రెండుసార్లు పరుగెత్తి అందుకుని తిరిగి విసరడం ఆ క్వార్టర్‌బ్యాక్ కంట్లో పడింది.

డెబ్బైల మొదట్లో ఒక శరదృతువు ఆదివారం, డాక్టరు గారు డ్యూటీలో ఉండి ఆరాధన నడిపే బాధ్యత నాకు అప్పజెప్పారు. కీర్తన సగంలో ఉండగా తలుపు తెరుచుకుంది. ఆ క్వార్టర్‌బ్యాక్, హెల్మెట్ చంకలో పెట్టుకుని, బురద బూట్లతో, తలుపు దగ్గరే నిలబడి నా బావమరిదిని వేలితో చూపించాడు. సరదా ఆటేనట, ఒక మనిషి తక్కువయ్యాడట. బావమరిది నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు. దేవుని మందిరంలో, ఆరాధన మధ్యలో, చెమట కంపుతో వచ్చి మనిషిని పట్టుకుపోతానన్నవాణ్ణి గద్దించి పంపవలసిన నేను తల ఊపాను.

ఆ తర్వాత ముగింపు ప్రార్థన నాలుగు మాటల్లో తేల్చేశాను. అందరం గోడ దగ్గరికి వెళ్లాం. వదులు హెల్మెట్‌లో మా వాడి తల గిలకలా కదులుతోంది. వాడు విసిరిన మొదటి బంతిని మా వాడు గాలిలో అందుకుని పరుగెత్తాడు. గోడ ఇవతల, వాక్యం పట్టుకున్న ఈ చేతులే పైకెత్తి, “పరిగెత్తరా!” అని అరిచాను. రెండో బంతి కూడా మా వాడికే వేశాడు. ఇద్దరు ఎద్దుల్లాంటి మనుషులు మా వాడి మోకాలి మీద పడ్డారు. మేము వాణ్ణి మోసుకుపోతుంటే వెనక ఈల మళ్లీ మోగింది, ఆట సాగింది. రెండు ఆపరేషన్ల తర్వాత కూడా ఆ మోకాలు మడవలేదు. దైవసేవకుడు కాబోయే మనిషి మళ్లీ ఎన్నడూ మోకరించలేదు.

ఆస్పత్రికి ఆ క్వార్టర్‌బ్యాక్ చాక్లెట్లతో వచ్చాడు. బావమరిది నవ్వుతూ మాట్లాడాడు. నేను వరండాలో నిలబడ్డాను.

మరుసటి ఏడాది సైన్యంలో సార్జెంటుగా ఉన్న ఆ క్వార్టర్‌బ్యాక్‌కు బదిలీ అయింది. వెళ్లేముందు, సరిగ్గా ప్రభువు బల్ల ఆదివారం, మా ఆరాధనకు వచ్చి చివర కూర్చున్నాడు. భాష తెలియకపోయినా కదలలేదు. తర్వాత మా వాడి ముందుకు వెళ్లి క్షమించమన్నాడు. మా వాడు కర్ర పక్కన పెట్టి కౌగిలించుకున్నాడు. డాక్టరు గారు ఇద్దరికీ రొట్టె ఇచ్చారు. నేను లేచి వెనక బెంచీకి వెళ్లాను.

మర్నాడు డాక్టరు గారు నన్ను పిలిపించారు.

“ఎవురి మీదయ్యా కోపం?”

“ఆ అమెరికా వాడి మీదండీ.”

“కాలు పోయినోడు కౌగిలించుకున్నాడు గదా. నీదేం పోయింది?”

నేను లేచి ఇంటికి వచ్చేశాను. దానికి జవాబు మా ఆవిడ చెప్పేసింది. “ఆయన తలుపు దగ్గర నిలబడి అడిగాడండీ. తల ఊపింది మీరు. మీ మీద మీరు కోప్పడలేక ఆ సార్జెంటు మీద పడ్డారు.” ఆ మాట నిజమని నాకు తెలుసు. నిజమని తెలిసినా వాడి మీద కోపం పోలేదు, అదే నా దౌర్భాగ్యం.

ఏడేళ్లు వెనక బెంచీలో కూర్చున్నాను. డాక్టరు గారు ప్రభువు దగ్గరికి వెళ్లిన తర్వాత ఆ మాట అడిగేవారు లేకపోయారు. అడగలేదు గదా అని నేనూ ముందుకు వెళ్లి చెయ్యి చాపాను. అప్పటినుంచి నెల నెలా ఆ రొట్టె తింటూనే ఉన్నాను, ఆ మనిషిని లోపల అలాగే ఉంచుకుని.

ఆ చాపెల్ ఇప్పుడు కీటా, పసిపిల్లల బడి. మన సంఘం ఇప్పుడు వేరే హాలులో కూడుకుంటుంది. జీగెన్ ఊరి యూనివర్సిటీ నుంచి విద్యార్థులు రైల్లో వస్తారు, బంగారం లాంటి పిల్లలు. గిటారు ఉంది, తెర మీద పాటలు వస్తాయి, చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో ద్రాక్షారసం వరసగా అందుతుంది. మా యువపాస్టరు చిరునవ్వుతో అందరూ రండి అంటాడు. ఎవరి కళ్లలోకీ చూడడు. ఆ చూపు కింద తల వంచుకుని లేచి వెళ్లడంలో ఎంత సిగ్గు ఉండేదో, ఇంటికి వెళ్లాక ఇడ్లీ పాత్ర తిరిగిచ్చేసే తొందర కూడా అంతే ఉండేది. ఇప్పుడు ఎవరికీ సిగ్గు లేదు, ఎవరి పాత్రా తిరిగి రాదు.

నిన్న బావమరిది ఫోన్ చేశాడు. నలభై ఏళ్లు కుర్చీలో కూర్చుని వాక్యం చెప్పి, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాడు.

“బావా, సార్జెంటు గారు వస్తున్నారంట. పేరు పెట్టే సభకి ఆదివారం పదకొండింటికి టెర్మిన్ ఇచ్చారు. నన్ను పక్కన కూర్చోమన్నారు.”

“నువ్వు పోరా.”

“నీ గురించి అడిగారంట బావా. ఆ రోజు లేచెళ్లిపోయిన ఆయన ఉన్నారా అని.”

నేను ఫోను పెట్టేశాను. ఇన్నేళ్లూ వాడికి నేను గుర్తున్నాననుకోలేదు.

వెళతానో లేదో ఇది రాస్తున్న గంటకు కూడా నాకు తెలియదు. వెళ్లి ఏమనాలో అంతకన్నా తెలియదు. ఎందరి పేర్లో చెప్పి ప్రార్థించిన ఈ నోట ఆ ఒక్క పేరు మాత్రం ఇంతవరకు రాలేదు. సహోదరులారా, సహోదరీలారా, మీకు ఆ మనిషి మీద ఏ కోపమూ లేదు గదా. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, దేవునికి తెలుసు. దయచేసి తలలు వంచి, ఆ పెద్దాయన కోసం ముందు మీరు ప్రార్థన మొదలుపెట్టండి. నేను వెనక నుంచి కలుస్తాను.