మూడు ఊపిర్లు ఆగిన మేడం

మా జపనీస్ మేడం పోయారన్న కబురు అందేసరికి నేను బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసు లిఫ్టులో ఉన్నాను. పాత విద్యార్థుల గ్రూపులో మెసేజి. "మేడం ఇక లేరు. పొద్దున ఆరింటికి." అంతే. దాని కింద ఎవరో జపనీస్‌లో ఏదో రాయబోయి, మొదటి ముక్క దగ్గరే ఆగిపోయి, తెలుగులోకి వచ్చేశారు. చావుకి సంబంధించిన మాటలేవీ ఆవిడ మాకు నేర్పలేదు. "బతికున్నవాళ్లతో మాట్లాడ్డానికి కదమ్మా నేర్చుకుంటున్నారు. ఆ మాటలు అవసరమైన రోజున డిక్షనరీలో చూసుకుందురుగాని" అనేవారు. లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగింది. నేను దిగడం మరిచిపోయాను. అది మళ్లీ నన్ను కిందికే తీసుకొచ్చేసింది.

నాకు ముందు ఏడుపు రాలేదు, ఉక్రోషం వచ్చింది. ఆవిడ మీద కాదు, నా మీద. నిరుడు ఆవిడ నన్ను ఒకే ఒక్క పని అడిగారు. నేను చెయ్యనన్నాను. ఆ సంగతి దాచి, ఆవిడ గొప్పతనం మాత్రం చెప్పుకుంటూ పోతే ఆవిడకే నచ్చదు. దాచడమంటే ఆవిడకి గిట్టదు.

ఆవిడది దివిసీమ వైపు ఒక పల్లెటూరు. పెళ్లయ్యాక వాళ్లాయన ఉద్యోగం కోసం జపాన్ వెళ్లి చాలా ఏళ్లు ఉన్నారు. అక్కడ వాళ్ల వీధి చివర ఒక ముసలాయన క్యోగెన్ నేర్పేవాడట. క్యోగెన్ అంటే అక్కడ కొన్ని వందల ఏళ్లుగా ఆడుతున్న నవ్వు నాటకం. ఖాళీ స్టేజీ, ఒక యజమాని, ఒక నౌకరు, చేతిలో ఒక విసనకర్ర. తలుపు ఉండదు, తలుపు తీసిన చప్పుడు కూడా నోటితోనే చెయ్యాలి. ఆ ముసలాయన మొదట్లో ఇది మగవాళ్లు వేసేదమ్మా అన్నాడట. ఈవిడ రోజూ వెళ్లి గుమ్మంలో కూర్చుంటే ఆరో వారానికి విసుగొచ్చి లోపలికి రమ్మన్నాడట. ఇది చెప్పినప్పుడల్లా ఆవిడ ఒక మాట కలిపేవారు. "కూచిపూడిలో ఒకప్పుడు ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవాళ్లు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఆడపిల్లలే. నేలేమన్నా కుంగిందా?"

మా కాలేజీలో సాయంత్రం జపనీస్ క్లాసు పెట్టినప్పుడు ఆవిడ చెప్పడానికి వచ్చారు. మేమంతా ఉద్యోగాల కోసం చేరినవాళ్లం. మొదటిరోజు నోటుబుక్కులు తెరుచుకుని కూర్చుంటే, నేత చీర, కాళ్లకి బొటనవేలు విడిగా ఉండే తెల్ల మేజోళ్లతో ఒకావిడ వచ్చి, "లేవండి, నవ్వడం నేర్చుకుందాం" అన్నారు. నడుం దగ్గర వంగి, పొట్టలోంచి మొదలుపెట్టి, మెల్లగా పైకి లేస్తూ నవ్వాలి. ముప్పైమందిమి అరగంటసేపు అలా నవ్వాం. వరండాలో పోయేవాళ్లు ఆగి చూశారు. జపాన్‌లో గురువుని సెన్సే అంటారని మాలో ఒకడు ఎక్కడో చదివి అలా పిలిస్తే, "మేడం అనరా నాన్నా, బెజవాడలోనే ఉన్నాంగా" అన్నారు.

నాది మైలవరం. చిన్నప్పుడు మా అమ్మ పట్టుబట్టి నాకు ఆరేళ్లు కూచిపూడి నేర్పించింది. ఆ ధీమాతో నౌకరు వేషానికి చెయ్యెత్తాను. రిహార్సల్‌లో స్టేజీ ఎక్కగానే అలవాటుకొద్దీ నేలకి దణ్ణం పెట్టి కళ్లకద్దుకున్నాను. అక్కడితో ఊరుకున్నానా, ఠపీమని కాలు తట్టి, యజమాని తిడుతుంటే కనుబొమలెగరేసి, కళ్లు అటూ ఇటూ తిప్పి అభినయం పట్టాను. ఆవిడ చివరిదాకా చూసి, "అమ్మా, వాడు నౌకరు. అలిగిన రాణీగారు కాదు" అన్నారు. క్యోగెన్‌లో పాదం నేల మీద జారుతూ పోవాలి, మడమ లేవకూడదు. ఆ కాలి తాళం వదిలించుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. దణ్ణం మాత్రం ఆవిడ తీసెయ్యనివ్వలేదు. "అది మన ఊరిది, ఉండనీ" అన్నారు. రిహార్సల్ అయిపోగానే అందరం వరసగా కూర్చుని మేజోళ్ల అడుగులు ఆవిడకి చూపించాలి. వేళ్లెంత నల్లబడ్డాయో మడమ కూడా అంత నల్లబడాలి. నావి చాలా రోజులు మడమ దగ్గర తేటగానే ఉండేవి. "ఎగురుతున్నావమ్మా" అనేవారు.

నాటకం ఆవిడే పాత పద్ధతిలో, పాత జపనీస్‌లో రాసుకున్నారు. యజమాని ఊరెళుతూ, "పెరట్లో చెట్టు నీడ మనది. పక్కింటికి పోనివ్వకు" అని నౌకరుకి అప్పగించి వెళతాడు. నౌకరు నీడ మీద బాసింపట్టు వేసుకుని కాపలా కూర్చుంటాడు. పొద్దు వాలేకొద్దీ నీడ జరుగుతుంది, వాడూ జరుగుతాడు. చివరికి అది గోడ దాటితే వాడూ గోడెక్కి దూకుతాడు. యజమాని తిరిగొచ్చి చూస్తే నౌకరు పక్కింటి పెరట్లో పడుకుని ఉంటాడు. "ఒక్క క్షణం వదల్లేదండి, అదే నన్ను ఇటు తీసుకొచ్చింది" అంటాడు. మే నెలలో బెజవాడ రోడ్డు మీద నిలబడ్డవాళ్లకి ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు.

కాలేజీ ఫెస్టులో వేస్తామంటే కమిటీవాళ్లు నీళ్లు నమిలారు. "మేడం, ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాదండీ. పోనీ ఇంగ్లీషులో చెప్పించండి. లేదా తెలుగులో."

"ఇప్పుడొచ్చే పాటల్లో మాటలు మీకన్నీ అర్థమవుతున్నాయాండీ?"

"అది వేరండీ. డాన్సుంటుంది."

"పిల్లలు ఆర్నెల్లు నాలుక తిప్పుకుని నేర్చుకున్న మాటలండీ ఇవి. ముందు కథ తెలుగులో నేను చెప్తాను. మిగతాది వాళ్ల ఒళ్లు చెప్తుంది. మార్చమంటే మాత్రం మార్చను."

చివరికి కమిటీవాళ్లు ఒప్పుకున్నారు. సాయంత్రం ఆఖరున, సినిమా డాన్సులయ్యాక, అందరూ లేచే వేళకి మాకు పదిహేను నిమిషాలు పడేశారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన నాటకాల్లో ప్రాంప్టరు పక్క తెర చాటున దాక్కుని మాట అందిస్తాడు. క్యోగెన్‌లో ఆ మనిషి స్టేజీ మీదే, వెనకాల, అందరికీ కనబడేలా మోకాళ్ల మీద కూర్చుంటాడు. నటుడు మాట మరిచిపోతే అక్కణ్నుంచే పైకి అందిస్తాడు. మా నాటకంలో ఆ చోటు మేడంది. మరిచిపోగానే అందించేవారు కాదు. మూడు ఊపిర్లు ఆగేవారు. "మొదటి ఊపిరి నీ భయానికి. రెండోది వెతుక్కోవడానికి. మూడోది దొరకడానికి. అప్పటికీ దొరక్కపోతే నేనున్నాను" అనేవారు.

ఆరోజు నీడ జరిగిందని లేచి జరగబోతుండగా నాకు మాట పోయింది. ముందు వరసలో కుర్రాళ్లు అప్పటికే ఈలలు వేస్తున్నారు. ఒకడు నా నడకని వెక్కిరిస్తూ కుర్చీల మధ్య జారుతున్నాడు. నాకు నేల కనబడలేదు. మేడం కావాలనే నన్ను వదిలేశారనిపించింది. మూడు ఊపిర్లయ్యాక వెనకనుంచి ఆవిడ గొంతు, గుసగుసగా కాదు, మార్కెట్లో కూరలమ్మినట్టు ఖంగున వచ్చింది. చివరి బెంచీ దాకా వినబడింది. హాలంతా గొల్లుమంది. నేను మాట అందుకుని ఎలాగో పూర్తి చేశాను.

దిగగానే ఆవిడ మీద పడ్డాను. "మెల్లిగా చెప్పొచ్చుగా మేడం! అందరికీ వినబడింది."

"వినబడాలనే చెప్పానమ్మా. మరిచిపోవడం దొంగతనమా, దాచుకోడానికి?"

నాకు ఆ మాట అప్పుడు ఎక్కలేదు. నేను కట్టెలా నిలబడిపోయిన ఆ క్షణాన్ని ఎవడో వీడియో తీసి, వెనక కామెడీ మ్యూజిక్ పెట్టి వదిలాడు. అది మైలవరం దాకా పోయింది. మా పెద్దమ్మ ఫోన్ చేసి, "ఏంటే, స్టేజీ మీద బిగుసుకుపోయావంటగా?" అంది. వారం రోజులు క్లాసుకి వెళ్లలేదు. తర్వాత వెళ్లాను, ఎందుకంటే ఆవిడ వాట్సాప్‌లో అదే వీడియో నాకు పంపి, కింద "నాలుగో సెకనులో మడమ లేచింది, చూసుకో" అని రాశారు. నవ్వొచ్చేసింది. నవ్వొచ్చాక ఇంట్లో కూర్చోవడం కుదర్లేదు.

ఉద్యోగం వచ్చింది, క్లాసు అయిపోయింది, కానీ నేను ఆదివారాలు వెళ్లడం మానలేదు. ఏటా కొత్త పిల్లలు, అదే నాటకం, అవే ఈలలు. ఏటా కమిటీ ఇంగ్లీషులో వెయ్యమనేది, ఏటా ఆవిడ ససేమిరా అనేవారు. ఉద్యోగానికి పనికొచ్చే ముక్కలు చెబితే చాలు కదా అని ఒక పెద్దమనిషి నా ఎదుటే అన్నాడు. "మీ పిల్లాడికి ఆఫీసులో నమస్కారం పెట్టడం ఒక్కటే వస్తే చాలాండీ? ఆ ఊరివాళ్లు దేనికి నవ్వుతారో తెలియక్కర్లేదా?" అని అడిగారు.

నిరుడు ఆవిడకి ఒంట్లో బాగోలేదు. మోకాళ్ల మీద కూర్చోలేకపోతున్నారు. నన్ను పిలిచి, "ఈసారి వెనక నువ్వు కూర్చో" అన్నారు.

నాకు ఆ వీడియో గుర్తొచ్చింది. వెయ్యి ఫోన్ల ముందు పావుగంట ఊరికే కూర్చోవడం. మా ఆఫీసువాళ్లు చూస్తే ఏమంటారు. "పక్క తెర చాటునుంచి అందిస్తాను మేడం. అదీ ఇదీ ఒకటేగా" అన్నాను.

"ఒకటి కాదమ్మా. నువ్వు దాక్కుంటే వాళ్లు కూడా భయపడతారు."

"నావల్ల కాదండీ."

ఆవిడ తిట్టలేదు. "సరే, ఈ ఏడు వద్దులే" అన్నారు. అలా నావల్ల ఒక ఏడు నాటకం ఆగిపోయింది. ఈలలకి ఆగలేదు, కమిటీకి ఆగలేదు. నాకు ఆగింది.

కబురు తెలిసిన ఆరోజు లిఫ్టు దిగి నేరుగా వాళ్లింటికే వెళ్లాను. అన్నీ అయ్యాక వాళ్లాయన లోపలికెళ్లి ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టారు. "నిరుడే తెప్పించింది. సైజు నీదేనంటమ్మా" అన్నారు. తెల్ల మేజోళ్ల జత. కొత్తవి, మడతలు కూడా విప్పలేదు. నేను కాదన్నాక కూడా వాటిని తిప్పి పంపలేదు ఆవిడ. అప్పుడు ఏడ్చాను. వాళ్లాయన ముందే, పెద్దగా.

నెలయ్యాక కాలేజీలో సంస్మరణ సభ పెట్టారు. మౌనంగా సేవ చేశారని ఒకాయన మైకులో అన్నారు. మౌనమా! ఆవిడ నోరు మూసుకున్న రోజు నేనైతే చూడలేదు. ఉపన్యాసాల తర్వాత నాటకం వేస్తామని ముందే చెప్పాను. నవ్వు నాటకమా, సభలోనా అన్నారు. అవునన్నాను. ఇంగ్లీషులో అయితే పెద్దలకి బాగుంటుందన్నారు. కాదన్నాను. తీరా స్టేజీ ఎక్కి చూస్తే, వెనక మధ్యలో, సరిగ్గా ఆవిడ కూర్చునే చోట, ఫొటో పెట్టి బంతిపూల దండ వేసి ఉంది.

"ఫొటో అక్కడ వద్దండీ, కిందికి దింపండి" అన్నాను.

"అదేంటమ్మా, ఆవిడ చోటేగా అది?"

"అది పనిచేసే చోటండీ. ఫొటో మాట అందించలేదు."

వాళ్లు ఇంకా ఏదో అంటుండగానే మేడం వాళ్లాయన పైకొచ్చి, దండతో సహా ఫొటో తీసుకెళ్లి, ముందు వరసలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను మేజోళ్లు తొడుక్కున్నాను. నేలకి దణ్ణం పెట్టి, వెళ్లి ఆ చోట మోకాళ్ల మీద కూర్చున్నాను. ఫోన్లు లేచాయి. లేవనీ అనుకున్నాను.

ఈసారి నౌకరు వేషం, నిరుడు నేర్చుకుని వెయ్యలేకపోయిన ఒక సెకండియర్ అమ్మాయిది. గోడ దూకిందాకా చక్కగా చేసింది. యజమాని వచ్చి ఇదేంట్రా అని అడిగాడు. పిల్లకి మాట రాలేదు. ఒక ఊపిరి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రెండో ఊపిరి. అందించెయ్యాలని నా గొంతు దాకా వచ్చింది, ఆ రోజు మేడం ఎంత కష్టపడి ఆగి ఉంటారో అప్పుడు తెలిసింది. మూడో ఊపిరి. పిల్ల ముందుకే చూస్తోంది, దొరకలేదు. నేను పొట్టలోంచి గాలి తీసి, హాలు చివరిదాకా వినబడేలా, జపనీస్‌లో, "ఒక్క క్షణం వదల్లేదండి" అన్నాను.

గొల్లున నవ్వారు. పిల్ల బెదరలేదు. నా మాట అందుకుని మళ్లీ తను చెప్పింది, "అదే నన్ను ఇటు తీసుకొచ్చింది" అని ముగించింది. ఈసారి హాలు నవ్విన నవ్వు వేరు. వాళ్లాయన ఫొటో మీద చెయ్యి ఆనించి, నడుం వంచి, మెల్లగా పైకి లేస్తూ, మా మొదటిరోజు క్లాసులోలాగా నవ్వారు. ఆయనకి ఆ నవ్వు వచ్చునని ఇన్నేళ్లలో మాకెవరికీ తెలియదు.

ఆ వీడియో కూడా బయటికొచ్చింది. మా పెద్దమ్మ చూసి, "వెనక నువ్వెందుకే అలా కూర్చున్నావు?" అని అడిగింది. "పిల్ల మాట మరిచిపోతే చెప్పడానికి పెద్దమ్మా" అన్నాను. ఆఫీసులో అడిగినవాళ్లకి కూడా అదే చెప్పాను.

ఆరోజు నాటకం అయ్యాక లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కాయి, పాదం నేల మీంచి లేవలేదు. జారుకుంటూనే స్టేజీ దాటాను. ఇంటికొచ్చి మేజోళ్లు విప్పి తిరగేసి చూశాను. వేళ్లెంత నల్లగా ఉన్నాయో మడమలూ అంత నల్లగా ఉన్నాయి. వాటిని ఉతకలేదు. వీధి వైపు కిటికీలో, అడుగులు బయటికి కనబడేలా పెట్టాను. చూసేవాళ్లు చూడనీ.