మూత మీద మూడు దెబ్బలు

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. మా ఆయన పోయిన ఇంట్లోనే నేనూ నా కూతురూ పడుకున్నాం. ఎలుకలు తప్ప ఏమీ కదలలేదు. నాకు సంతకం పెట్టేంత వరకే చదువు. నేను చెబుతుంటే అమ్మాయి రాస్తోంది. నీ మాట ఒక్కటి కూడా కలపొద్దే అన్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ. అక్కడ ఇద్దరు మనుషుల ఎత్తున ఒక ఇనుప పొయ్యి ఉండేది. పైన మూత తీసి నీలగిరి కట్టె ముక్కలు పోస్తే, అవి లోపల గాలి చాలక కుములుతూ గ్యాసు వదులుతాయి. ఆ గ్యాసుతో ఇంజను తిరిగి కరెంటు వచ్చేది. ఇంజను వేడికి బట్టలు ఆరేవి. మా ఆయన ఎనిమిదేళ్లు ఆ పొయ్యికి కట్టె పోశాడు. గుండె ఆగి పోయాక ఆ పని నాకిచ్చారు.

మూత తీస్తే ఒక్కోసారి పైనా, కింద బూడిద తలుపులోంచీ మంట భగ్గుమంటుంది. అందుకే ముందు ఇనుప కడ్డీతో మూత మీద మూడుసార్లు తట్టాలి. కింద బూడిద తీసే మనిషి అది విని వెనక్కి జరగాలి. మా ఆయన రెండుసార్లు తట్టి, కాస్త ఆగి, మూడోది వేసేవాడు. నేను మూడూ గబగబా కొట్టేదాన్ని. కింద నాగరాజు ఎగతాళి చేసేవాడు.

"ఏమక్కా, వక్కలు దంచుతా ఉండావా? అన్న తట్టితే హోసూరు రోడ్డు దాకా ఇనపడతా ఉండె!"

ఆ రోజు మిట్టమధ్యాహ్నం, అమ్మాయికి జ్వరం ఎక్కువైందని పక్కింటామె కబురు పంపింది. ఇది రాస్తున్న పిల్లకే. పొయ్యిలో కట్టె అయిపోవచ్చింది. పోసేసి పరుగెత్తుదామని నిచ్చెన ఎక్కి, మూత పక్కనున్న ఇనుప అరుగు మీదకు చేరాను. ఆ తొందరలో కడ్డీ కిందే మరిచాను. తట్టకుండానే రెండు చేతులూ మూత పిడి మీద వేశాను.

టంగ్, టంగ్. ఆగింది. టంగ్.

నా అరచేతుల కింద నుంచి. లోపలి నుంచి. పిడి అదిరింది.

చేతులు లాక్కుని వెనక్కి పడ్డాను. అంతలోనే మూత దానంతటదే ఎగిరి కప్పు రేకులకు తగిలింది. పైన మంట. కింద బూడిద తలుపులోంచీ మంట.

నాగరాజూ అని అరిచాను. కింద గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒంటి మీద వెంట్రుక కూడా కాలలేదు.

"నువ్వు తట్టినావని ఇట్ల ఎనక్కి జరిగితినక్కా." ఊపిరి పీల్చుకున్నాడు. "ఈ పొద్దేంది, అన్న మాదిరి తట్టినావు?"

కడ్డీ అతని కాళ్ల దగ్గరే పడి ఉంది.

కట్టె జారి తగిలుంటుందని ఇంజనీరు అన్నాడు. కట్టె కిందికి జారుతుంది గానీ, అడుగున ఉన్నది నిలువెత్తు పైకొచ్చి మూతను తడుతుందా సార్ అన్నాను.

తర్వాత అక్కడ ఆరేళ్లు చేశాను. తట్టడం ఏ రోజూ మరవలేదు. తట్టాక, మూత తీసే ముందు కాసేపు చెవి ఒగ్గి వినేదాన్ని. మళ్లీ ఎన్నడూ ఏమీ వినపడలేదు. ఆ పూట తట్టిందేమిటో, ఎవరో, నాకు ఈ రోజుకీ తెలియదు.