వంకాయ తోటకు నేనిచ్చిన తప్పు తీర్పు

2003లో నేను విశాఖలోని ఒక మట్టి పరీక్షల ల్యాబులో కెమిస్టుని. ఆ వేసవిలో పద్మనాభం వైపు నుంచి అప్పలనాయుడు అనే రిటైర్డ్ జవాను, మట్టి ఎలా తీయాలో ముందే వచ్చి నాచేత రాయించుకుని వెళ్లి, ఐదు పొట్లాల మట్టి తెచ్చాడు. సరిహద్దులో పాతిపెట్టిన మైన్లు ఏరిన మనిషి. ఊరొచ్చి, మూతపడిన రాళ్ల క్వారీ పక్కన అరెకరం కొని వంగ తోట వేశాడు. అక్కడ ఒకప్పుడు క్వారీవాళ్లు పేలుడు మందు దాచేవారని పిందెలు పడ్డాక తెలిసిందట.

“మైను తీసేసినా మందు మట్టిలో ఉండిపోద్ది సార్. తెలిసి తెలిసి ఆ కాయలు నా మనవరాలికెలా పెడతాను?” అన్నాడు.

అలాంటి మట్టికి రెండు పరీక్షలు. క్వారీ మందులో ఉండే నైట్రేట్ ఎక్కువుంటే ముదురు నీలం వస్తుంది. టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం ఉంటే రెండోదానిలో ఎరుపు వస్తుంది, కానీ దానికి ఒక రోజు ఆగాలి. మొదటి పరీక్షలో ఐదూ ముదురు నీలమే. నాకసలే తొందరెక్కువ. రెండోదాని దాకా ఆగకుండా తోట పీకేయమని చెప్పి పంపేశాను.

మర్నాడు ఆయన భార్య సింహాచలమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. పలుగు పట్టుకుని బయల్దేరిన మనిషిని గట్టు మీదే ఆపేసిందట. పోల్చి చూడటానికి నేనే తెమ్మన్న ఇంటి గుమ్మం మట్టి కూడా ఆ ఐదింటిలో ఉంది.

“మా గుమ్మం కాడ ఏటి పేలింది బాబూ?” అని అడిగింది.

మట్టి ఎలా తీశారో మొదట్నుంచీ చెప్పమన్నాను. నాయుడు కవాతు చేసినంత క్రమంగా చెప్పుకొచ్చాడు. దేనిమీద ఆరబెట్టారంటే మాత్రం తడుముకున్నాడు. ఆవిడే అందుకుంది.

“ఎరువు సంచి సింపి పరిసినాడు. ఐదూ దానిమీదే.”

అది నైట్రేట్ ఎరువు సంచి. “శుభ్రమైన గుడ్డ లేదా సంచి మీద ఆరబెట్టాలి” అని కాగితం రాసిచ్చిన మహానుభావుణ్ణి నేనే. సిగ్గుతో తల వంచుకున్నాను.

మళ్లీ మట్టి తీశారు; ఈసారి ఆరబెట్టడానికి ఆవిడ ఉతికిన నేతచీర పరిచింది. నీలం మామూలు తోట మట్టికి వచ్చినంతే వచ్చింది. రోజంతా ఆగి చూసినా ఎరుపు జాడే లేదు. ఆ మాట చెప్పగానే నాయుడు కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. ఆ నవ్వు చూసి నా ప్రాణం లేచొచ్చింది. వారం తిరక్కుండా గుత్తివంకాయ కూర క్యారేజీతో దిగి, మా అందరి ముందు తొలి ముద్ద తనే తిన్నాడు. అడుగున మసాలా కూడా మిగల్చకుండా ఊడ్చేశాం.

బల్ల మీదకొచ్చిన మట్టిని పరీక్షించే ముందు, అది ఎవరి చేతుల మీదుగా ఎలా వచ్చిందో అడగాలని ఆ ఇల్లాలే నాకు నేర్పింది. నేను పీకేయమన్న మొక్కలు ఆ ఏడు దసరా దాకా కాశాయి.