లక్కతో మూసిన సందు

ముందే చెప్పేస్తున్నాను, నేను దయ్యాలను నమ్మను. చేతబడి, దిష్టి, గాలి సోకడం, ఏదీ నమ్మను. పెళ్లయిన రెండేళ్లకు అత్తగారింట్లో నాకు గాలి సోకిందని వేపమండలతో కొట్టిస్తే, ఆ మండలు లాక్కుని భూతవైద్యుడికే నాలుగు తగిలించి, బట్టలు మూట కట్టుకుని నిర్మల్‌లోని పుట్టింటికి వచ్చేశాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఇది రాస్తున్నది అలాంటి మనిషని గుర్తు పెట్టుకుని చదవండి.

మాది బొమ్మలు చేసే ఇల్లు. పొనికి చెక్కతో పండ్లు, పక్షులు, లేళ్లు చేస్తాం. మగవాళ్లు ఉలి పడతారు. ఆడవాళ్లు చింతగింజలు నూరి జిగురు తీస్తారు, రంగులు వేస్తారు. మా బాపు, అంటే నాన్న, పోయాక పనంతా ఆయన తమ్ముడు, మా కాక, చూసేవాడు. పుట్టింటికి వచ్చాక నేను ఉలి కూడా పట్టాను. కాకకు అది గిట్టలేదు. గిట్టకపోతే నాకేం?

మా తమ్ముడు మల్లేశ్ మాత్రం బొమ్మల జోలికి రాకుండా మిలిటరీలో చేరి ట్యాంకు నడిపేవాడు. అరవై ఐదులో వానాకాలం సెలవు మీద వచ్చినప్పుడు, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ వాణ్ని పదే పదే ఒకటే అడిగింది.

"గంత ఇనుప బండిల నువ్వెక్కడ కూసుంటవ్ బిడ్డా?"

వాడు నేల మీద గీసి చూపించినా ఆమెకు ఎక్కలేదు. నేను చేసి చూపిస్తానని మాటిచ్చాను. వాడి దగ్గర ఒక చిన్న ఫోటో ఉంది, బండి పక్కన నిలబడి తీయించుకున్నది. కొలతలు జానల్లో చెప్పాడు, పొడవు ఇరవై నాలుగు జానలని. జానకు అర అంగుళం చొప్పున లెక్క కట్టుకున్నాను, బొమ్మ అడుగు పొడవు తేలింది. సగం వివరాలు చెప్పాడో లేదో, వెంటనే రమ్మని తంతి వచ్చింది. ఫోటో నాకిచ్చి వెళ్లిపోయాడు.

నెలరోజులు ఆ బొమ్మతోనే గడిపాను. చక్రాలు ఒక్కొక్కటీ చెక్కాను. చక్రాల చుట్టూ తిరిగే పట్టాకు పాత తోలు మీద చెక్క ముక్కలు వరసగా అంటించాను. ఫిరంగి గొట్టానికి సన్నని వెదురు, మూతలకు కిరసనాయిలు డబ్బా రేకు. బోల్టుల కోసం ఆవాలు ఏరి ఒక్కొక్కటే జిగురుతో అద్దాను. అవ్వ చూడాలని పైభాగం ఎత్తితే వచ్చేలా చేశాను. లోపల పీట వేశాను గానీ మనిషిని పెట్టలేదు. మల్లేశ్ పోలిక రాకపోతే అవ్వ ఊరుకోదు.

ఫోటోలో బండి ముందు భాగాన, అడ్డంగా ఒక నల్లని గీత ఉంది. రెండు రేకులు కలిసే అతుకేమో అనుకున్నాను. అక్కడ ఉలితో గీత లాగుతుంటే పొనికి మెత్తన కదా, ఉలి లోపలికి దిగి సందు పడింది. మా ఇంట్లో చిల్లున్న బొమ్మ గడప దాటకూడదు. ఎక్కడ పగులున్నా, సందున్నా చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో పూడ్చి, దాని మీద సుద్ద పూసి, ఆ తర్వాతే రంగు వేస్తాం. చిన్నప్పటి నుంచి చేతికి పట్టిన పని. ఆ సందునూ పూడ్చేశాను. పైన కుంచెతో నల్లగీత గీస్తే సరిపోతుందనుకున్నాను.

పెత్రమాసకు, అంటే పితృ అమావాస్యకు, ఇంకా పది రోజులున్నాయి. అప్పటికే యుద్ధం సాగుతోంది. మల్లేశ్ దగ్గర నుంచి ఉత్తరాలు లేవు. అవ్వ రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకు అరుగు మీద కూర్చునేది. నాకూ లోపల గుబులుగానే ఉండేది, పనిలో పడి పైకి కనబడనిచ్చేదాన్ని కాదు.

సోమవారం పూడ్చిన ముద్ద మంగళవారం పొద్దున చూస్తే లేదు. ముక్క విరగకుండా, లోపల పీట మీద పడి ఉంది. వానాకాలం తేమకు జిగురు పట్టలేదనుకుని కొత్త ముద్ద కలిపి మళ్లీ పూడ్చాను. మిగతా పగుళ్లలో అదే ముద్ద రాయిలా పట్టుకుని ఉంది.

బుధవారం పట్టపగలు, బొమ్మకు మూరెడు దూరంలో కూర్చుని రంగు కలుపుతున్నాను. టక్కుమని చప్పుడైంది. ఆ సందులోని ముద్ద ఎగిరి నా ఒళ్లో పడింది. ఎండి ఊడితే కింద పడాలి గానీ ముందుకు ఎగరదు. లోపల నుంచి ఎవరో వేలితో నెట్టినట్టు వచ్చింది. అది చూసింది నేనొక్కదాన్ని కాదు, కాక కూడా చూశాడు.

"ఇంట్ల గీ తుపాకుల బండి జేసుడేంది? తీస్కపోయి గంగల ఏసి రా," అన్నాడు. వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. "అయినా నీ ముద్ద నిలుస్తలేదు. ఆడిదానికి ఉలెందుకని ఎప్పుడో జెప్పిన."

మొదటి మాటకు నవ్వేదాన్ని. రెండో మాటకు ఒళ్లు మండింది. గురువారం మధ్యాహ్నం లక్క కరిగించి ఆ సందులో పోశాను. చల్లారాక గోటితో గీకాను, సూదితో పొడిచాను, కదల్లేదు. తీసుకెళ్లి కాక ముందు పెట్టి, "ఇప్పుడు ఊడబెరుకు చూద్దాం," అన్నాను. ఆయన గోరు పెట్టి లాగాడు. లక్క ఊడలేదు.

మల్లేశ్ గాయపడ్డాడని తర్వాత తెలిసింది. మూడు నెలలు మిలిటరీ ఆస్పత్రిలో ఉంచి పంపించారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఇంకో సిపాయి భుజం పట్టుకుని బస్సు దిగాడు. రెండు కళ్లూ పోయాయి. అవ్వ ఏడ్చిన ఏడుపు నేను రాయలేను.

కొన్నాళ్లకు వాడే అడిగాడు, బొమ్మ పూర్తయిందా అని. తెచ్చి చేతుల్లో పెట్టాను. వేళ్లతో తడుముతూ పట్టా చూశాడు, గొట్టం చూశాడు, ఆవాలు తగిలి నవ్వాడు. బండి ముందు భాగానికి వచ్చేసరికి వేళ్లు ఆగాయి.

"గిక్కడ సందుండాలె గదక్కా. మూసినవేంది? మూత ఏసుకున్నంక నడిపెటోడు గా సందులకెల్లే తొవ్వ జూసేది."

వాడు ఏదో కబురు చెప్పినట్టు చెప్పుకుపోయాడు.

"బురదల నడుపుతుంటే రెండు దినాలు గట్లనే మూసుకపోయింది. రెండు మాట్లు గూడ దానంతటదే రాలింది. మూడో దినం రాలలే. ఏం గనవడక మూత దీసి తల బయట వెట్టిన. గప్పుడే గుండు పేలి పెంకులు కండ్లకు తాకినయ్."

"ఏ వారం బిడ్డా?" అని అవ్వ అడిగింది.

"పెత్రమాసకు వారం ముంగట, బేస్తారం. పగటి పూట."

బేస్తారం అంటే గురువారం. ఆ రోజు కాక ముందు నేను వేసిన పంతం అవ్వ గుమ్మంలో నిలబడి చూసింది. ఆమె నా వైపు చూసిన చూపు ఇవాళ్టికీ నాకు గుర్తుంది.

ఆ రాత్రి నుంచి మొదలుపెట్టింది. "గా లక్క తియ్యి బిడ్డా. తీస్తె వానికి కండ్లొస్తయేమో." పొద్దున అదే మాట, అన్నం ముందు అదే మాట. నేను తీయనన్నాను. అరిచాను. కొయ్యబొమ్మకూ వాడి కళ్లకూ సంబంధమేంటని కొట్లాడాను. అవ్వ నా చేతి అన్నం మానేసింది, నాతో మాట్లాడటం మానేసింది. అయినా వంగలేదు.

ఎందుకో ఇప్పుడు దాచడం దేనికి? లక్క తీసి, వాడికి చూపు వస్తే? అప్పుడు నా తమ్ముడి కళ్లు తీసింది నేనే అవుతాను. ఆ భయం నా గుండెల్లో ఉండేది. నమ్మని దానికి భయమెందుకని మీరడగవచ్చు.

చివరికి మల్లేశే అన్నాడు. "తియ్యక్కా. నాకు కండ్లు రావు, డాక్టర్లు జెప్పిండ్రు. గని గా సంగతి అవ్వకు తెల్వాలె గద."

దబ్బనం ఎర్రగా కాల్చి లక్క కరిగించాను. కొంచెం కొంచెంగా కారి, సందు తెరుచుకుంది. అవ్వ ఇత్తడి పళ్లెం తెచ్చి, వాకిట్లో ఎండను పట్టి మల్లేశ్ ముఖం మీదకు తిప్పింది. వాడు అద్దాలు తీసి కూర్చున్నాడు. రెప్ప కదల్లేదు. అవ్వ పళ్లెం అటు తిప్పింది, ఇటు తిప్పింది. చాలాసేపు చూసి, పళ్లెం కింద పెట్టి, లోపలికి పోయి బియ్యం కడగడం మొదలుపెట్టింది. ఆ పూట నా చేత్తో వడ్డిస్తే తిన్నది.

నేను సంతోషపడ్డాను. తమ్ముడికి చూపు రాలేదని సంతోషపడ్డాను. ఇలాంటి మాట ఎవరూ రాయరు, నేను రాస్తున్నాను. నా తప్పేమీ లేదని ఆ ఎండ సాక్షిగా తేలిపోయిందనుకున్నాను.

కానీ ఆ రెండు ముద్దలు ఎందుకు ఊడాయి? ఒకటి నా ఒళ్లోకి ఎందుకు ఎగిరింది? పొనికి చెక్క, చింతగింజల జిగురు, వానాకాలం తేమ, అన్నీ తెలిసినవాళ్లను అడిగాను. కాకను అడిగాను. నలభై ఏళ్లు అదే జిగురుతో పనిచేశాను, ఇంకెప్పుడూ అలా జరగలేదు. దయ్యమని మాత్రం అనను. ఏమిటో చెప్పలేను.

ఆ రోజు వాకిట్లో నేను గట్టిగా ఊపిరి వదిలినట్టున్నాను. మల్లేశ్ నా వైపు తల తిప్పాడు.

"ఇగ నిమ్మలమా అక్కా?" అన్నాడు.

నిమ్మలమే అన్నాను. వాడితో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.