బూట్లు లేని మొక్కు

నేను చరిత్రలో ఎమ్మే చేశాను. దాని పుణ్యాన దొరికిన ఏకైక పని, ఖాజాగూడ రాళ్ళ మధ్య వెలసిన ఒక గోల్ఫు క్లబ్బుకు చరిత్ర రాయడం. తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్నాయి. వాటిలోకి రాబోయే పెద్దమనుషులు సాయంత్రాలు ఏం చేయాలా అని కొందరికి దిగులు పట్టుకుంది. అలా పుట్టిన క్లబ్బు వయసు మా ఇంట్లో ఫ్రిజ్ కన్నా తక్కువ.

"చరిత్ర పాతగా ఉండాలండీ," అన్నారు కార్యదర్శిగారు.

"ఎంత పాతగా?"

"చదివితే గౌరవం కలిగేంత."

వెతికాను. అక్కడ పాతదంటూ ఉన్నది ఒక్కటే. బంతి పడాల్సిన ఏడో గుంత పక్కన పెద్ద బండ, దాని కింద పసుపు పూసిన పోచమ్మ. పచ్చిక పరిచినవాళ్ళు ఆవిడ జోలికి పోలేదు. భక్తి అనుకున్నాను. కదిలించడానికి ఒక్క కూలీ కూడా ఒప్పుకోలేదట.

గేటు కాపలాదారు ఆ ఊరివాడే. ఆషాఢం రాగానే నన్ను పట్టుకున్నాడు.

"సార్, బిడ్డ జరమొచ్చి దవాఖానల పడ్డప్పుడు పోచమ్మకు మొక్కినం. ఆదివారం మా ఇంటామె బోనం తెస్తది. సాబుతోని జర చెప్పుండ్రి."

"నేను చెబితే వింటారా?"

"గంత చరిత్ర రాస్తుండ్రు గద, గింత మాట వినరా?"

నా హోదా మీద అంత నమ్మకమున్నవాడు ఆ ఆవరణలో అతనొక్కడే. వెళ్ళి అడిగాను. కార్యదర్శిగారు మంచివారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"తప్పకుండా రమ్మనండి. బూట్లు మాత్రం ఉండాలి. అవి లేకుండా పచ్చిక మీద కాలు పెట్టనివ్వం, నన్నయినా సరే. కావాలంటే క్లబ్బు బూట్లే ఇప్పిస్తాను."

బోనమెత్తిన మనిషి కాలికి చెప్పు తొడగదని చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు.

"అయ్యో. మరి నియమం నియమమే కదండీ."

అవతలివైపు కూడా నియమం నియమమే. మధ్యలో నేను, ఎమ్మే.

ఆదివారం ఆమె వచ్చింది. తలమీద పసుపు రాసిన కుండ, వేపమండలు, పైన దీపం, చేతిలో చెంబు, ఉత్త కాళ్ళు.

"జరుగు," అంది భర్తతో.

"జరిగితే నౌకరీ పోతదే."

"మొక్కినప్పుడు నువ్వు లేవా?"

"ఉన్న."

"మరి?"

అతను నావైపు చూశాడు. నేను ఏడో గుంత వైపు చూశాను.

ఆమె కుండ దించలేదు. చెంబులోని పసుపునీళ్ళు గేటు ఊచల మధ్య నుంచి బండ వైపు ధారపోసింది. నీళ్ళు జానెడు దూరం లోపలికి పోయాయి. పచ్చికదాకా పోలేక, పల్లం చూసుకుని, భర్త బూట్ల కింద నుంచి తిరిగి రోడ్డు మీదికే వచ్చాయి.

"బూట్లున్నోళ్ళనే రానిస్తరట తల్లీ," అందామె బండతో. "నీకు గూడ లెవ్వు. పైలం, ఎల్లగొడ్తరు."

వెనక కారు హారన్ కొట్టింది. అతను గేటు బార్లా తెరిచి సలాం కొట్టాడు. ఆమె కుండతో పక్కకు తప్పుకుంది. గేటు మళ్ళీ మూసేదాకా బండ స్పష్టంగా కనిపించింది.